మీ కంప్యూటర్‌లో మీకు తెలియని యూజర్ ఉన్నారా? నల్ల స్క్రీన్‌పై ఒక్క లైన్ కొడితే చిట్టా మొత్తం బయటికి!

షాపులో ఒక బిల్లింగ్ కంప్యూటర్ ఉంటుంది. ఐదారేళ్లలో దాని ముందు ఎంతమంది కూర్చుని ఉంటారు? పని మానేసిన కుర్రాడు, నాలుగు నెలలు లెక్కలు చూసి వెళ్లిన అకౌంటెంట్, సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వచ్చిన టెక్నీషియన్.. వీళ్లలో ఎవరెవరి పేరు మీద అందులో యూజర్ అకౌంట్ ఉంది? వాటిలో ఇప్పటికీ పనిచేసేవి ఎన్ని? చాలామంది ఓనర్ల దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. మనుషులు వెళ్లిపోతారు. అకౌంట్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి.

ఇంట్లో ల్యాప్‌టాప్ సంగతీ అంతే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే పాత ఓనర్ అకౌంట్ లోపల ఉండొచ్చు. రిపేర్‌కు ఇచ్చి తెచ్చుకున్నప్పుడు కొత్త పేరు చేరి ఉండొచ్చు. కస్టమర్ కేర్ అని నమ్మించి రిమోట్ యాప్ ద్వారా ఎవరైనా లోపలికి వచ్చి ఉంటే.. ఇక చెప్పేదేముంది!

లాగిన్ స్క్రీన్ చూస్తే తెలిసిపోతుంది కదా అనుకుంటే పొరపాటే. అక్కడ కనిపించేది అసలు లిస్ట్ కాదు. ఆఫ్ చేసిన అకౌంట్లు అక్కడ కనిపించవు. రిజిస్ట్రీలో చిన్న మార్పు చేసి, పనిచేస్తున్న అకౌంట్‌ను కూడా ఆ స్క్రీన్ నుంచి దాచేయొచ్చు. అసలు చిట్టా కావాలంటే కమాండ్ లైన్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇందుకోసం కొత్తగా ఏదీ కొనక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కావాల్సిన టూల్స్ విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని ఎలా వాడాలి? వచ్చిన సమాచారాన్ని ఎలా చదవాలి? ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ఒక గమనిక: ఇక్కడ కమాండ్ల పేర్లు చదువుకోవడానికి వీలుగా తెలుగులో ఇస్తున్నాం. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఒక్క పాత అకౌంట్.. ఆరు రోజులు ఆగిన పైప్‌లైన్

మర్చిపోయిన అకౌంట్ వల్ల అంత నష్టం ఏముంటుంది? ఈ అనుమానం ఉన్నవాళ్లకు అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ కథ చాలు.

టెక్సాస్ నుంచి న్యూజెర్సీ వరకు దాదాపు 8,850 కిలోమీటర్ల పొడవున్న పైప్‌లైన్ ఇది. అమెరికా తూర్పు తీరానికి కావాల్సిన పెట్రోల్, డీజిల్, విమాన ఇంధనంలో దాదాపు 45 శాతం దీని ద్వారానే వెళ్తుంది. 2021 మే 7న ఈ కంపెనీ కంప్యూటర్లపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాడి మిగతా వ్యవస్థలకు పాకుతుందేమోనని కంపెనీ పైప్‌లైన్‌నే ఆపేసింది. మే 12న మళ్లీ మొదలయ్యే వరకు పెట్రోల్ బంకుల దగ్గర బారులు తీరిన జనం, నో స్టాక్ బోర్డులే!

ఇంతకీ హ్యాకర్లు లోపలికి ఎలా వచ్చారు? దర్యాప్తులో తేలింది వింటే ఆశ్చర్యపోవాల్సిందే. బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి రావడానికి వాడే పాత వీపీఎన్ అకౌంట్ ఒకటి ఉంది. దాన్ని ఎవరూ వాడటం లేదు. కానీ ఎవరూ ఆఫ్ చేయలేదు. ఓటీపీ లాంటి రెండో తాళం కూడా దానికి లేదు. పాస్‌వర్డ్ ఒక్కటి దొరికితే చాలు, లోపలికి వచ్చేయొచ్చు. అదే జరిగింది. పాస్‌వర్డ్ తేలిగ్గా ఊహించేదేమీ కాదని కంపెనీ సీఈఓ జోసెఫ్ బ్లౌంట్ అమెరికా సెనేట్ కమిటీ ముందు చెప్పారు. అంటే బలమైన పాస్‌వర్డ్ కూడా కాపాడలేకపోయింది. చివరికి కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 44 లక్షల డాలర్లు, హ్యాకర్లకు చెల్లించింది. అందులో 63.7 బిట్‌కాయిన్లను అమెరికా అధికారులు తర్వాత వెనక్కి రాబట్టగలిగారు.

మీ ల్యాప్‌టాప్ అకౌంట్, ఆ కంపెనీ వీపీఎన్ అకౌంట్ ఒకటి కాదు. కానీ సూత్రం ఒక్కటే. వాడని అకౌంట్‌ను ఎవరూ గమనించరు. దానిలోకి ఎవరైనా వచ్చినా అడిగేవాళ్లు ఉండరు. అందుకే దొంగకు అంతకంటే అనువైన దారి ఇంకోటి ఉండదు.

విండోస్‌లో మొదటి కమాండ్.. నెట్ యూజర్

కీబోర్డులో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. చిన్న బాక్స్ వస్తుంది. అందులో సీ ఎం డీ అనే మూడు అక్షరాలు టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నల్ల స్క్రీన్ వస్తుంది. అదే కమాండ్ ప్రాంప్ట్.

అక్కడ "నెట్ యూజర్" అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. రెండు పదాల మధ్య ఒక స్పేస్ ఉండాలి. అంతే! ఆ కంప్యూటర్‌లో ఉన్న యూజర్ల పేర్లు వరుసగా వచ్చేస్తాయి. ఇది చూడటానికి మాత్రమే పనికొచ్చే కమాండ్. దీంతో ఏదీ మారదు, ఏదీ పోదు. కాబట్టి భయం లేకుండా కొట్టొచ్చు.

విండోస్ హోమ్ ఎడిషన్ వాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. యూజర్లను, గ్రూపులను పూర్తిగా చూపించే లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్ అనే విండో ప్రో ఎడిషన్‌లోనే ఉంటుంది. హోమ్‌లో లేదు. కమాండ్ మాత్రం రెండింటిలోనూ పనిచేస్తుంది.

ఈ పేర్లు చూసి కంగారు పడొద్దు

లిస్ట్ రాగానే చాలామందికి గుండె గుభేల్మంటుంది. మీరెప్పుడూ చూడని పేర్లు అందులో ఉంటాయి. వాటిలో కొన్ని విండోస్ సొంతవే.

అడ్మినిస్ట్రేటర్: విండోస్‌తో పాటే వచ్చే పెద్ద అకౌంట్. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది.

గెస్ట్: అతిథుల కోసం పెట్టింది. విండోస్ 10, 11లలో ఇదీ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది.

డీఫాల్ట్ అకౌంట్: సిస్టమ్ తన అవసరాల కోసం పెట్టుకున్నది.

డబ్ల్యూడీఏజీ యుటిలిటీ అకౌంట్: పేరు వింతగా ఉన్నా ఇది మైక్రోసాఫ్ట్‌దే. అప్లికేషన్ గార్డ్ అనే సెక్యూరిటీ ఫీచర్ కోసం పెట్టింది.

ఇవి కాకుండా మీ పేరు ఉంటుంది. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్‌తో విండోస్ సెటప్ చేసుకుంటే, అకౌంట్ పేరుగా మీ ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలే కనిపిస్తాయి. సగంలో తెగిపోయినట్టున్న పేరు చూసి ఎవరో హ్యాకర్ అనుకునేరు.. అది మీరే! అనుమానం ఉంటే "హూ యామ్ ఐ" అనే కమాండ్ కొట్టండి. మధ్యలో స్పేస్ లేకుండా ఒకే పదంగా టైప్ చేయాలి. మీరు ఏ పేరుతో లాగిన్ అయ్యారో చెప్పేస్తుంది.

ఇవన్నీ పక్కన పెట్టాక కూడా గుర్తుపట్టలేని పేరు మిగిలితే, అప్పుడు ఆలోచించాలి.

ఒక్కో పేరు జాతకం ఇలా చూడండి

"నెట్ యూజర్" పక్కన ఆ అకౌంట్ పేరు కూడా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఉదాహరణకు పేరు స్టాఫ్1 అయితే, నెట్ యూజర్ స్టాఫ్1 అన్నమాట. దాదాపు పాతిక లైన్ల సమాచారం వస్తుంది. అన్నీ చదవక్కర్లేదు. ఈ ఐదు చూస్తే చాలు.

1. అకౌంట్ యాక్టివ్: ఎస్ అని ఉంటే అకౌంట్ ఆన్‌లో ఉంది. నో అని ఉంటే ఆఫ్‌లో ఉంది. అడ్మినిస్ట్రేటర్, గెస్ట్ పేర్ల దగ్గర మీరు ఆన్ చేయకుండానే ఎస్ అని ఉంటే, ఎవరు ఆన్ చేశారో కనుక్కోవాలి.

2. పాస్‌వర్డ్ లాస్ట్ సెట్: పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మార్చారో చెబుతుంది. రిపేర్‌కు ఇచ్చిన రోజే మారినట్టు కనిపిస్తే లెక్క తేల్చుకోవాల్సిందే.

3. పాస్‌వర్డ్ రిక్వైర్డ్: నో అని ఉంటే, పాస్‌వర్డ్ లేకుండా కూడా ఆ అకౌంట్ నడవొచ్చని అర్థం.

4. లాస్ట్ లాగాన్: చివరిసారి లాగిన్ అయిన తేదీ, టైమ్. నెవర్ అని ఉంటే ఇంతవరకు లాగిన్ నమోదు కాలేదని అర్థం. అయితే ఈ ఒక్క లైన్ పట్టుకుని తీర్పు ఇచ్చేయొద్దు. మిగతా వివరాలతో కలిపి చూడాలి.

5. లోకల్ గ్రూప్ మెంబర్‌షిప్స్: అన్నిటికంటే ముఖ్యమైన లైన్ ఇదే. ఇక్కడ యూజర్స్ అని ఉంటే మామూలు అకౌంట్. అడ్మినిస్ట్రేటర్స్ అని ఉంటే ఇంటి తాళాలన్నీ అతని చేతిలో ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ ఎక్కించొచ్చు, తీసేయొచ్చు, మీ పాస్‌వర్డ్ కూడా మార్చేయొచ్చు.

తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఒకేసారి చూడాలంటే ఇంకో కమాండ్ ఉంది. "నెట్ లోకల్‌గ్రూప్ అడ్మినిస్ట్రేటర్స్" అని కొట్టండి. మూడు పదాల మధ్య రెండు స్పేస్‌లు. అడ్మిన్ అధికారాలున్న వాళ్ల పేర్లన్నీ వచ్చేస్తాయి. ఇంట్లో కంప్యూటర్ అయితే ఇక్కడ ఒకటి రెండు పేర్లకు మించి అవసరం ఉండదు.

పనిలో పనిగా "నెట్ అకౌంట్స్" అని కూడా కొట్టి చూడండి. పాస్‌వర్డ్ రూల్స్ కనిపిస్తాయి. అందులో లాకౌట్ థ్రెషోల్డ్ అనే లైన్ దగ్గర నెవర్ అని ఉంటే, ఎన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టినా అకౌంట్ లాక్ అవ్వదని అర్థం. అంటే ఊహించి ఊహించి కొట్టేవాడికి అడ్డు లేదన్నమాట.

డాలర్ గుర్తుతో దాక్కునే అకౌంట్లు

నెట్ యూజర్ లిస్ట్‌లో లేదంటే ఇక లేనట్టేనా? కాదు. ఇక్కడే అసలు ట్విస్ట్. అకౌంట్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే, నెట్ యూజర్ ఆ పేరును లిస్ట్‌లో చూపించదు. అకౌంట్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. దాక్కోవాలనుకునేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

దీనికి విరుగుడు పవర్‌షెల్. స్టార్ట్ మెనూలో పవర్‌షెల్ అని వెతికి ఓపెన్ చేయండి. నల్ల స్క్రీన్ బదులు నీలం స్క్రీన్ రావొచ్చు, తేడా ఏమీ లేదు. అక్కడ "గెట్-లోకల్‌యూజర్" అని టైప్ చేయండి. గెట్ తర్వాత చిన్న గీత, ఆ తర్వాత లోకల్‌యూజర్ ఒకే పదం. డాలర్ గుర్తున్న పేర్లతో సహా అన్నీ బయటికి వస్తాయి. పక్కనే ఎనేబుల్డ్ అనే కాలమ్ ఉంటుంది. ట్రూ అంటే ఆన్, ఫాల్స్ అంటే ఆఫ్.

కాబట్టి రెండు కమాండ్లూ కొట్టి, రెండు లిస్టులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో లేని పేరు రెండో దాంట్లో ఉంటే, ముందు తేల్చుకోవాల్సింది దాని సంగతే.

దొరికింది.. ఇప్పుడేం చేయాలి?

వెంటనే డిలీట్ కొట్టేయాలనిపిస్తుంది. ఆగండి! ముందు ఆఫ్ చేయడం మంచిది. ఎందుకంటే ఆఫ్ చేసిన దాన్ని మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. డిలీట్ చేసిన అకౌంట్‌ను అదే పేరుతో మళ్లీ సృష్టించినా విండోస్ దాన్ని కొత్త మనిషిగానే చూస్తుంది. పాత అనుమతులు తిరిగి రావు. పైగా ఆ అకౌంట్ మీద ఏదైనా బిల్లింగ్ సాఫ్ట్‌వేరో, బ్యాకప్పో నడుస్తుంటే అది కూడా ఆగిపోతుంది.

మార్పులు చేయాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా ఓపెన్ చేయాలి. స్టార్ట్ మెనూలో సీ ఎం డీ అని వెతికి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి. మామూలుగా ఓపెన్ చేస్తే సిస్టమ్ ఎర్రర్ 5 అని వచ్చి ఆగిపోతుంది. అది కంప్యూటర్ పాడవడం కాదు. మీకు ఆ అధికారం లేదని చెప్పడం, అంతే.

ఆఫ్ చేయడానికి: నెట్ యూజర్, స్పేస్, అకౌంట్ పేరు, స్పేస్, స్లాష్, యాక్టివ్, కోలన్, నో. చివరి నాలుగింటి మధ్య స్పేస్ ఉండకూడదు. మళ్లీ ఆన్ చేయాలంటే నో బదులు ఎస్ అని టైప్ చేయాలి.

డిలీట్ చేయడానికి: నెట్ యూజర్, స్పేస్, అకౌంట్ పేరు, స్పేస్, స్లాష్ డిలీట్. ఇలా చేస్తే అకౌంట్ పోతుంది కానీ, సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో ఆ పేరుతో ఉన్న ఫైళ్లు అలాగే ఉంటాయి. అదే సెట్టింగ్స్ నుంచి డిలీట్ చేస్తే అకౌంట్‌తో పాటు డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు కూడా పోతాయి. ఈ తేడా తెలియక పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫొటోలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

పాస్‌వర్డ్ మార్చడానికి: నెట్ యూజర్, స్పేస్, అకౌంట్ పేరు, స్పేస్, నక్షత్రం గుర్తు. ఎంటర్ కొట్టగానే కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. టైప్ చేస్తున్నప్పుడు స్క్రీన్‌పై ఏమీ కనిపించదు, అలాగే ఉంటుంది. నక్షత్రం బదులు పాస్‌వర్డ్‌నే నేరుగా రాయొచ్చు కానీ, అలా చేస్తే అది స్క్రీన్‌పై బట్టబయలుగా ఉండిపోతుంది. వెనక నిలబడ్డవాళ్లెవరైనా చదివేయొచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌ను ఇలా బలవంతంగా మార్చేస్తే, వాళ్లు విండోస్ ఎన్‌క్రిప్షన్‌తో దాచుకున్న ఫైళ్లు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా పోవచ్చు. రెండోది, మైక్రోసాఫ్ట్ ఈమెయిల్‌తో నడిచే అకౌంట్ పాస్‌వర్డ్‌ను ఈ కమాండ్‌తో మార్చుకోలేరు. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లోనే మార్చుకోవాలి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇంకోటి ఉంది. పనిచేసే అడ్మిన్ అకౌంట్ మీ చేతిలో ఒకటి ఉందని ఖాయం చేసుకున్నాకే మిగతావాటి జోలికి వెళ్లండి. లేకపోతే సొంత ఇంటికి బయటి నుంచి తాళం వేసుకుని, తాళంచెవి లోపలే మర్చిపోయినట్టవుతుంది.

ఆఫీసు, కాలేజీ కంప్యూటర్ల విషయం వేరు. అక్కడ యూజర్ అకౌంట్లు ఆ మెషీన్‌లో కాకుండా సెంట్రల్ సర్వర్‌లో ఉంటాయి. ఐటీ టీమ్‌కు చెప్పకుండా సొంత ప్రయోగాలు చేస్తే ఉద్యోగానికే ఎసరు రావొచ్చు.

లైనక్స్ వాడేవాళ్లకు

ఇంజినీరింగ్ స్టూడెంట్స్, సొంత వెబ్‌సైట్ కోసం క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకున్నవాళ్లు ఎక్కువగా వాడేది లైనక్సే. ఇక్కడ టూల్స్ ఇంకా ఎక్కువ, పేర్లు ఇంకా చిన్నవి.

డబ్ల్యూ: అవును, ఒక్క అక్షరమే కమాండ్! ఇప్పుడు ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం నడుపుతున్నారు.. ముగ్గురుంటే మూడు లైన్లలో చెప్పేస్తుంది.

లాస్ట్: ఇంతకుముందు ఎవరు, ఎప్పుడు వచ్చి వెళ్లారో చూపిస్తుంది. కొన్ని కొత్త వెర్షన్లలో దీన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి రావొచ్చు. దీనికి తోడు లాస్ట్ పక్కన బీ చేర్చి కొడితే, ఫెయిలైన లాగిన్ ప్రయత్నాలు వస్తాయి. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్‌లో ఈ లిస్ట్ చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఐడీ: అకౌంట్ పేరు చేర్చి కొడితే ఆ యూజర్ నంబర్, ఉన్న గ్రూపులు చెబుతుంది. సూడో అనే గ్రూపు కనిపిస్తే ఉబుంటులో అడ్మిన్ అధికారాలు ఉన్నట్టే.

గెటెంట్ పాస్‌వర్డ్: యూజర్ల పూర్తి పట్టిక. ఇక్కడ పాస్‌వర్డ్ అనే పదాన్ని పీ ఏ ఎస్ ఎస్ డబ్ల్యూ డీ అని పొట్టిగా టైప్ చేయాలి. ఒక్కో లైన్‌లో కోలన్ గుర్తుతో విడదీసిన ఏడు భాగాలు ఉంటాయి. మూడోది యూజర్ నంబర్. మామూలు మనుషుల నంబర్లు సాధారణంగా 1000 నుంచి మొదలవుతాయి. 0 అంటే రూట్, అంటే సర్వాధికారి. రూట్ కాకుండా ఇంకో పేరు దగ్గర కూడా 0 కనిపిస్తే అది పెద్ద ప్రమాద సంకేతం.

చేజ్: సీ హెచ్ ఏ జీ ఈ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, చిన్న గీత, చిన్న ఎల్, స్పేస్, ఆ తర్వాత అకౌంట్ పేరు కొట్టాలి. పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు, అకౌంట్ గడువు ఎప్పటివరకు ఉంది అనేది చెబుతుంది.

లైనక్స్‌లో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఉద్యోగి వెళ్లిపోగానే యూజర్‌మాడ్ కమాండ్‌తో పెద్ద ఎల్ ఆప్షన్ వాడి అకౌంట్ లాక్ చేస్తారు. పని అయిపోయింది అనుకుంటారు. కానీ అది లాక్ చేసేది పాస్‌వర్డ్‌ను మాత్రమే. ఆ వ్యక్తి ఎస్‌ఎస్‌హెచ్ కీతో లాగిన్ అయ్యేవాడైతే, పాస్‌వర్డ్‌తో పనే లేదు. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు వదిలేసినట్టే! అందుకే చేజ్ కమాండ్‌తో పెద్ద ఈ ఆప్షన్ ఇచ్చి, పక్కన 0 పెట్టి, అకౌంట్ గడువునే ముగించాలి. అప్పుడే రెండు తలుపులూ మూసుకుంటాయి.

మ్యాక్‌లో అయితే..

టెర్మినల్ ఓపెన్ చేసి డీ ఎస్ సీ ఎల్, స్పేస్, చుక్క, స్పేస్, లిస్ట్, స్పేస్, స్లాష్ యూజర్స్ అని కొట్టాలి. యూజర్స్‌లో మొదటి యూ పెద్ద అక్షరం. పెద్ద లిస్ట్ వస్తుంది కానీ బెదరక్కర్లేదు. అండర్‌స్కోర్ గుర్తుతో మొదలయ్యేవి సిస్టమ్ సర్వీసుల పేర్లు. అవి తీసేస్తే మిగిలే కొద్ది పేర్లనే చూసుకోవాలి. డబ్ల్యూ, ఐడీ, లాస్ట్ కమాండ్లు ఇక్కడా పనిచేస్తాయి.

ఒకప్పుడు ఈ సమాచారం అందరికీ కనిపించేది!

యూజర్ల సమాచారం చూపించే కమాండ్లకు పెద్ద చరిత్రే ఉంది. 1971లో స్టాన్‌ఫర్డ్ ఏఐ ల్యాబ్‌లో లెస్ ఎర్నెస్ట్ అనే శాస్త్రవేత్త ఫింగర్ అనే ప్రోగ్రామ్ రాశారు. అప్పట్లో ల్యాబ్‌లో ఎవరున్నారో చూపించే హూ అనే కమాండ్ ఉండేది. జనం ఆ లిస్ట్ మీద వేలు పెట్టి, ఒక్కో లైన్ కిందికి జరుపుతూ కావాల్సిన పేరు వెతుక్కునేవాళ్లట. అందుకే కొత్త ప్రోగ్రామ్‌కు వేలు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

ఫింగర్ కొడితే మనిషి అసలు పేరు, చివరిసారి ఎప్పుడు కంప్యూటర్ ముందు ఉన్నారు లాంటి వివరాలు వచ్చేవి. తర్వాత నెట్‌వర్క్ ద్వారా వేరే ఊళ్లోని కంప్యూటర్‌ను కూడా అడిగే వీలు వచ్చింది. ఇప్పుడు వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూసుకుంటున్నామే.. దాదాపు అలాంటిదే, అర్ధ శతాబ్దం ముందే!

అందరూ ఒకరికొకరు తెలిసిన రోజుల్లో ఇది సౌకర్యమే. కానీ 1988 నవంబర్ 2న పరిస్థితి మారిపోయింది. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ ఇంటర్నెట్‌ను వణికించింది. ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌లోకి దూకడానికి అది వాడుకున్న దారుల్లో ఒకటి, ఫింగర్ ప్రశ్నలకు జవాబిచ్చే ప్రోగ్రామ్‌లోని లోపం. 512 అక్షరాలు పట్టే చోట అంతకంటే ఎక్కువ పంపి, ఆ ప్రోగ్రామ్‌ను తన అదుపులోకి తెచ్చుకునేది.

అంతటితో ఆగలేదు. మెషీన్‌లోని యూజర్ల జాబితా తీసుకుని, వాళ్ల పేర్లతోనే పాస్‌వర్డ్‌లు ఊహించేది. యూజర్ పేరే పాస్‌వర్డా? పేరును తిరగేసి పెట్టారా? అసలు పేరు పెట్టారా? ఇవన్నీ ప్రయత్నించి, కుదరకపోతే తన దగ్గరున్న 432 పదాల లిస్ట్ తీసేది. ఎందరికో పాస్‌వర్డ్ దొరికిపోయింది. దాదాపు 6,000 కంప్యూటర్లు దెబ్బతిన్నాయని అప్పటి అంచనా. అప్పటికి ఇంటర్నెట్‌లో ఉన్న మొత్తం కంప్యూటర్లు దాదాపు 60,000. అంటే పదింట ఒకటి!

ఆ తర్వాత ఫింగర్ సర్వీసును మెల్లగా ఒక్కొక్కరే మూసేస్తూ వచ్చారు. యూనిక్స్ మెషీన్లలో అందరూ చదవగలిగే యూజర్ల ఫైల్‌లోనే ఉండే పాస్‌వర్డ్ గుప్తరూపాలు కూడా షాడో అనే వేరే ఫైల్‌లోకి మారాయి. దాన్ని సిస్టమ్ పెద్ద తప్ప మిగతావాళ్లు చదవలేరు. యూజర్ పేరు, చివరి లాగిన్ టైమ్ లాంటి చిన్న చిన్న వివరాలే దొంగకు పెట్టుబడి అని ప్రపంచానికి అర్థమైంది అప్పుడే.

దొంగ కూడా ఇవే కమాండ్లు కొడతాడు

ఇందులో దాచాల్సిందేమీ లేదు. ఏదైనా కంప్యూటర్‌లోకి చొరబడ్డ హ్యాకర్ మొదట చేసే పనుల్లో ఒకటి.. ఇక్కడ చెప్పిన హూ యామ్ ఐ, నెట్ యూజర్, నెట్ లోకల్‌గ్రూప్ కమాండ్లు కొట్టడమే. తాను ఎవరి పేరుతో లోపలికి వచ్చాడు, అడ్మిన్ ఎవరు, ఏ అకౌంట్ ఎవరూ చూడకుండా పడి ఉంది అని తెలుసుకుంటాడు. హ్యాకర్ల పద్ధతులను వర్గీకరించే మైటర్ సంస్థ దీనికి అకౌంట్ డిస్కవరీ అని పేరు పెట్టి, టీ1087 అనే నంబర్ ఇచ్చింది. కొత్త అకౌంట్ సృష్టించుకుని లోపలే తిష్ట వేయడానికి విడిగా టీ1136 అనే నంబర్ ఉంది.

అంటే మీ కంప్యూటర్‌లో ఎవరెవరు ఉన్నారన్న లెక్క వాడికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఓనర్‌కు మాత్రం ఏళ్ల తరబడి తెలియదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఎప్పుడెప్పుడు చూసుకోవాలి?

రోజూ చూడాల్సిన పని లేదు. ఈ సందర్భాల్లో మాత్రం తప్పకుండా చూడండి.

- సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నప్పుడు. అయితే ఇక్కడ అకౌంట్లు ఏరుకుంటూ కూర్చోవడం కంటే, విండోస్‌ను పూర్తిగా రీసెట్ చేసుకోవడమే మేలు.

- రిపేర్‌కు ఇచ్చి తెచ్చుకున్నప్పుడు. ఇచ్చే ముందు నెట్ యూజర్ కొట్టి ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తెచ్చాక మళ్లీ కొట్టి పోల్చండి.

- షాపు, ఆఫీసు, కోచింగ్ సెంటర్‌లో ఎవరైనా పని మానేసినప్పుడు. లెక్కలు సెటిల్ చేసిన రోజే అకౌంట్ కూడా ఆఫ్ చేయాలి. అందరూ ఒకే అకౌంట్, ఒకే పాస్‌వర్డ్ వాడే చోట ఆ పాస్‌వర్డ్ అదే రోజు మార్చాలి.

- తెలియనివాళ్లకు రిమోట్ యాప్ ద్వారా స్క్రీన్ అప్పగించినప్పుడు. ముందు ఇంటర్నెట్ ఆఫ్ చేసి, ఆ తర్వాత లిస్ట్ చూడండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అలాంటప్పుడు అనుమానం ఉన్న అకౌంట్‌ను డిలీట్ చేయొద్దు. ఆఫ్ చేసి, స్క్రీన్ ఫొటోలు తీసి పెట్టుకోండి. పోలీసులకు అదే ఆధారం అవుతుంది.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. అకౌంట్ల లిస్ట్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన కంప్యూటర్‌లో వైరస్ లేదని కాదు. మీ సొంత పాస్‌వర్డే ఎవరికైనా దొరికితే, లిస్ట్‌లో కొత్త పేరేమీ కనిపించదు. అయినా ఎవరికి తాళాలు ఇచ్చామో తెలియకుండా ఇల్లు భద్రంగా ఉందనుకోవడం కష్టం. విండోస్‌లో రెండు కమాండ్లు, రెండు లిస్టులు. ఐదు నిమిషాలకు మించి పట్టదు.